చెడ్డ కబురు నడిచే దారి

మాదాపూర్‌లో మేం పనిచేసిన ఐదో అంతస్తులో, అందరి బల్లలకూ మధ్యన ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను ఛార్జర్‌కు తగిలించి ఉండేది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ. ఆ నిల్వలో ముప్పావు వంతుకు పైగా పెళ్ళి వీడియోలతోనూ శుభోదయం బొమ్మలతోనూ మేమే కావాలని నింపాం. బృందంలోని పిల్లలు దానికి తాతయ్య అని పేరు పెట్టారు. రోజూ సాయంత్రం అప్పటికి తయారైన యాప్‌ను తాతయ్యలో ఎక్కించి, ఎవరో ఒకరు ఇంటికి పట్టుకెళ్ళేవారు. మర్నాడు పొద్దున్న ఏం చూశారో చెప్పేవారు. మొబైల్ యాప్‌లు చేసే బృందాలతో ఇన్నేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ ఫోను చుట్టూ నేర్చుకున్నదే. అది ఆ బల్ల మీదికి రావడానికి ముందు ఒక తప్పు జరిగింది. ఆ తప్పు నాది.

మేం చేస్తున్నది పాల సేకరణ కేంద్రాల కోసం ఒక యాప్. పల్లెలో తెల్లవారకముందే రైతులు క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడతారు. కేంద్రం నడిపే మనిషి పాలు కొలిచి, కాస్త నమూనా యంత్రంలో పోసి, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి, లీటర్లూ ధరా పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రాతను పుస్తకంలోంచి ఫోనులోకి తేవాలి. వివరాలు నింపాక, యంత్రం మీద కనబడే అంకెల్ని ఫొటో కూడా తీయాలి, రేపు ఎవరైనా అడిగితే రుజువుగా ఉండటానికి.

బృందంలో తొమ్మిది మందిమి. టెస్టింగ్ చూసే అమ్మాయి చేరి నాలుగు నెలలయింది. ఆఫీసు ఇచ్చిన కొత్త ఫోన్లలో పరీక్షించడమే కాక, వాళ్ళ అన్నయ్య వాడి వదిలేసిన ఫోనులో కూడా యాప్ వేసుకుని చూస్తుండేది. అలా చూడమని ఎవరూ చెప్పలేదు. పొద్దున్న అందరం నిలబడి తలా ఒక నిమిషం మాట్లాడుకునే మీటింగులో, ఒకసారి ఫొటో తీసి వెనక్కి వస్తే నింపిన వివరాలన్నీ పోయాయని ఇంగ్లీషులో తడుముకుంటూ చెప్పింది. "మళ్ళీ చేసి చూపించగలవా?" అన్నాను. చేసి చూశాననీ మళ్ళీ రాలేదనీ అంది. "అయితే వచ్చినప్పుడు చెప్పు" అన్నాను. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. పక్కవాళ్ళ వంతు వచ్చింది, మీటింగు ముందుకు సాగిపోయింది.

పదకొండు రోజులకు యాప్ విడుదల చేశాం. మర్నాడు ఉదయం ఆరు కాకుండానే కేంద్రాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫొటో తీసి వెనక్కి వస్తే యాప్ మొదటికి వెళ్ళిపోతోంది. లీటర్లు పోయాయి, వెన్న శాతం పోయింది, కొన్నిచోట్ల అసలు యాపే మూసుకుపోతోంది. వెనక వరుస పెరుగుతోంది. పాలు ఎండకు ఆగవు. ఎనిమిది గంటలయ్యేసరికి దాదాపు అందరూ పుస్తకం, పెన్ను తీసేశారు. ఒకసారి పుస్తకానికి తిరిగిపోయిన మనిషిని మళ్ళీ ఫోను దగ్గరికి పిలవడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "అక్కా, అది ఆ తర్వాత ఇంకా రెండుసార్లు వచ్చింది. ఎందుకొస్తోందో తెలియక చెప్పలేదు" అంది. మీటింగులో నన్ను మేడమ్ అంటుంది, క్యాంటీన్‌లో అక్కా అంటుంది. చెడ్డ కబురు అక్క దగ్గరికి వచ్చింది. మేడమ్ దగ్గరికి రాలేదు, ఎందుకంటే మేడమ్ రుజువు అడిగింది.

జబ్బు పెద్దదేం కాదు. కెమెరా తెరిస్తే దానికి బోలెడు మెమరీ కావాలి. ఫోనులో మెమరీ తక్కువైతే ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ను నిశ్శబ్దంగా చంపేస్తుంది. ఫొటో తీసి తిరిగొచ్చేసరికి స్క్రీను మళ్ళీ కొత్తగా పుడుతుంది. అంతకుముందు నింపినవి ఎక్కడా దాచకపోతే ఉండవు. మా డెవలపర్ల ఫోన్లలో 8 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి అక్కడ అది ఒక్కసారీ జరగలేదు. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మనం వదిలిన ప్రతి స్క్రీనునూ వెంటనే తుడిచేస్తుంది. ఆ మీట నొక్కి ఒక పూట పరీక్షించినా ఇలాంటి తప్పులు చాలావరకు బయటపడతాయి. అంకె పడగానే ఫోనులోనే భద్రపరిచేలా రాయడానికి మాకు పట్టిన సమయం ఒకటిన్నర రోజు. అంటే పదకొండు రోజుల ముందు ఒకటిన్నర రోజు పని అది.

వెబ్‌సైటు చేసేవాళ్ళకు ఈ బాధ ఇంత లేదు. సర్వర్‌లో సరిచేస్తే మరుక్షణం అందరికీ సరైనదే కనబడుతుంది. యాప్ అలా కాదు, చేతిలోంచి వెళ్ళిపోయిన వస్తువు. గూగుల్ ప్లేలో ముందు కొద్ది శాతం మందికే ఇచ్చి చూసే వీలుంది, తేడా వస్తే ఆపేయవచ్చు. కానీ అప్పటికే అందుకున్నవాళ్ళ ఫోన్లలోంచి దాన్ని వెనక్కి లాక్కోలేం. ఆపిల్ యాప్ స్టోర్‌లో దశలవారీ విడుదల పెట్టుకుంటే, వాటంతటవే అప్‌డేట్ అయ్యే ఫోన్లకు 7 రోజుల మీద వెళుతుంది: మొదటి రోజు 1 శాతం, తర్వాత 2, 5, 10, 20, 50, చివరికి 100. ఈ మెట్లన్నీ ఎందుకున్నాయో ఆలోచిస్తే, చెడ్డ కబురు కొద్దిమంది దగ్గరున్నప్పుడే మన చెవిన పడాలని. మేం తొందరలో ఉండి మెట్లు దిగలేదు, ఒక్కసారే అందరికీ వదిలేశాం. అప్పటికే ఆలస్యమైంది కదా అనుకున్నాం.

బృందానికి సాయం చేయడం అంటే ఏమిటని అప్పటి నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే. చెడ్డ కబురు పుట్టిన చోటు నుంచి, దాన్ని సరిచేయగలవాళ్ళ దగ్గరికి ఎంత తొందరగా నడిచి రాగలదో చూడాలి. దారిలో ఏ రాళ్ళున్నాయో తీసేయాలి. ఆ రాళ్ళలో కొన్ని యంత్రాలకు సంబంధించినవి. ఎక్కువ మటుకు మనుషులవి, మాటలవి.

మాటల సంగతే ముందు చెప్పాలి. మన ఆఫీసు తెలుగులో చెడ్డ కబురును దాచే మాటలు చాలా ఉన్నాయి. "అయిపోవచ్చింది" అనేది వాటిలో మొదటిది. ఆ మాటలో అబద్ధం లేదు, నిజమూ లేదు. సోమవారం అయిపోవచ్చింది, గురువారమూ అయిపోవచ్చింది. "చూస్తున్నా" రెండోది. "దాదాపు అయినట్టే, టెస్టింగ్ ఒక్కటే మిగిలింది" మూడోది. ఈ మాటలన్నవాళ్ళను నేను తప్పుపట్టను. "ఎప్పటికవుతుంది?" అని అడిగితే వచ్చే జవాబులు అవి. ఆ ప్రశ్నకు సిగ్గుపడకుండా చెప్పగల జవాబు ఒక్క తేదీయే, ఆ తేదీ ఎవరి దగ్గరా లేదు. ప్రశ్న మార్చాను. "ఇందులో ఇంకా నీకు తెలియనిది ఏముంది?" అని అడగడం మొదలుపెట్టాను. మొదటి వారం అందరూ నా మొహం చూశారు. రెండో వారం ఒక అబ్బాయి, నెట్ లేనప్పుడు నింపిన వివరాలు నెట్ వచ్చాక రెండుసార్లు సర్వర్‌కు వెళతాయేమోనని తనకు భయంగా ఉందన్నాడు. అదే నిజమైతే ఒక రైతు పోసిన ఆరు లీటర్లు పన్నెండు అవుతాయి. నిజమే, అవుతున్నాయి.

ఆ విడుదల తర్వాత పైవాళ్ళు మంచి మనసుతోనే ఇంకో నలుగుర్ని ఇస్తామన్నారు. ఐబీఎంలో ఓఎస్/360 పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో దీని గురించే చెప్పారు. ఆలస్యమైన పనికి మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన అనుభవం. లెక్క వేసి చూపించాను. తొమ్మిది మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 36 దారాలు కావాలి. పదమూడు మందైతే 78. ఏ దారం తెగినా అక్కడ ఒక కబురు ఆగిపోతుంది. ఉన్న 36లోనే తెగినవి ఎన్నో అప్పుడే చూస్తున్నాను. నలుగురు వద్దు, కేంద్రాల్లో వాళ్ళు వాడే ఫోన్లలాంటివి నాలుగు కొనివ్వండి అన్నాను. తాతయ్య అలా వచ్చాడు.

మా నాయనమ్మ ఊళ్ళో తంతి వస్తే వీధి మొత్తం బయటికొచ్చేది. అప్పట్లో తంతి అంటే ఎవరో పోయారనే. చాలా ఇళ్ళలో కాగితం చూడకముందే ఏడుపు మొదలయ్యేది. పోస్టుమాన్‌ను శకునం చూసినట్టు చూసేవాళ్ళు కూడా ఉండేవారు. నాయనమ్మ మాత్రం ముందు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. ఎండలో అంత దూరం నడిచి వచ్చాడు కదా, తెచ్చింది ఏదైతేనేం అనేది. తాగడం అయ్యాక చదవమనేది. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవే ఆగిపోయింది. ఆ గ్లాసు మజ్జిగ మాత్రం మీటింగుల్లో నాకు తరచూ గుర్తొస్తుంది. ఆ అమ్మాయి తన అనుమానాన్ని ఎంత దూరం మోసుకొచ్చిందో, నేను కూర్చోమనైనా అనలేదు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని లెక్క తీస్తే, అక్కడే ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే అర్థమైంది ఏమిటంటే, మంచి బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి బయటికి చెబుతున్నాయి. భయమున్న చోట లెక్క శుభ్రంగా ఉంటుంది, తప్పులు లోపల ఉంటాయి. ఈ సంగతి చదివాక బగ్గుల జాబితా పొట్టిగా ఉన్న వారం నాకు నిద్ర పట్టడం మానేసింది.

గోడ మీద ఒక బోర్డు పెట్టాం, అనుమానాల బోర్డు. రుజువు అక్కర్లేదు, దశలు రాయక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఒక చీటీ అంటించాలి. రోజూ భోజనం తర్వాత ఇద్దరు కలిసి ఒక చీటీ తీసుకుని అరగంట వెతకాలి. వెతికేవాళ్ళలో ఒకరు ఆ కోడ్ రాసినవాళ్ళు కాకూడదు. ఇదొక్కటే నియమం.

ఇంగ్లీషు అక్కర్లేదనడం చిన్న విషయమని నేననుకోను. నరసరావుపేట నుంచీ సిద్దిపేట నుంచీ చదువుకుని వచ్చిన పిల్లలు, కోడ్ చక్కగా రాసేవాళ్ళు, మీటింగులో రెండు వాక్యాల కంటే ఎక్కువ మాట్లాడరు. ఆ రెండూ ముందే కూడబలుక్కున్న వాక్యాలు. మంచి కబురుకు రెండు వాక్యాలు చాలు. చెడ్డ కబురుకు చాలవు, ఎందుకంటే దాన్లో "ఏమో", "అనిపిస్తోంది", "ఒకవేళ" ఉండాలి. ఆ సందేహపు పలుకులు పరాయి భాషలో తెచ్చుకోవడం చాలా కష్టం. మా బృందంలో ఒక తమిళ అబ్బాయి, ఒక లక్నో అమ్మాయి ఉన్నారు. తెలుగులో మాట్లాడితే వాళ్ళు బయటివాళ్ళవుతారేమోనని మొదట వెనకాడాను. చివరికి ఎవరికి ఏది వస్తే అందులో చెప్పమన్నాం, పక్కవాళ్ళు ఇంకొకరికి చెప్పేవారు. మీటింగు ఐదు నిమిషాలు పెరిగింది. ఆ ఐదు నిమిషాలూ నాకు ఎంతో విలువైనవి.

భాష ఫోను లోపల కూడా దారి మూసేస్తుంది. డిజైన్లన్నీ ఇంగ్లీషు మాటలతో గీస్తారు. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరానికి సరిపోతుంది. తెలుగు అక్షరం కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఎత్తు బిగించి పెట్టిన బటన్‌లో ఆ కింది భాగం తెగిపోతుంది. "చెల్లింపు" కాస్తా "చెలింపు" అవుతుంది. పెద్దవాళ్ళు ఫోనులో అక్షరాల సైజు పెంచుకుంటారు, అప్పుడు ఇంకా తెగుతుంది. ఈ చెడ్డ కబురు తెలుగు చదవగలిగినవాళ్ళ కంటికే కనబడుతుంది. చదవలేనివాళ్ళకు అది అందంగానే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది మన అక్షరమే. జ, దాని కింద ఞ వత్తు, కంటికి కనిపించని ఒక విభజన గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుసలో ఒక్క సందేశం వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులో ఆ సందేశం వచ్చిన యాప్ కుప్పకూలేది. అదే నెలలో 11.2.6తో ఆపిల్ సరిచేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గర్వమూ నవ్వూ రాలేదు. కోట్ల మంది రాసే లిపిని పరీక్షించే బల్ల దగ్గర, ఆ లిపిలో రోజూ రాసే మనిషి ఒకరు కూర్చుని ఉంటే బాగుండునని బాధ కలిగింది. మా యాప్‌లో తెలుగు మాటలన్నీ చూసే పని ఆ టెస్టింగ్ అమ్మాయికే అప్పగించాం. మాట బాగాలేకపోతే మార్చే హక్కు కూడా ఇచ్చాం.

కోడ్ విషయంలో ఒకే ఒక్క అలవాటు మార్చాను. మా పిల్లలు వారం పది రోజులు ఒంటరిగా రాసి, పద్దెనిమిది వందల వరసల మార్పు ఒక్కసారే తెచ్చి చూడమని పెట్టేవారు. అంత పెద్దది ఎవరు చదువుతారు? పైపైన చూసి "బాగుంది" అని రాసేవారు. అదే నలభై వరసలు పెడితే ఎనిమిది ప్రశ్నలు వచ్చేవి. అందుకని చిన్న ముక్కలుగా పెట్టాలి, భోజనం లోపు పెట్టింది సాయంత్రం లోపు ఎవరో ఒకరు చూడాలి. రాసినవాడికి ఇంకా అది గుర్తున్నప్పుడే తప్పు చెబితే అరగంటలో దిద్దుకుంటాడు. పది రోజులకు చెబితే అతనికి కోపం వస్తుంది, న్యాయమే. సర్వర్ రాసే అబ్బాయిని ఆండ్రాయిడ్ వాళ్ళ పక్కకు కూర్చోబెట్టాం. అతను ఒక అంకెను అక్షరాలుగా మార్చి పంపితే, ఏడాది కింద వేసుకున్న యాప్‌ను అప్‌డేట్ చేయని కేంద్రంలో పొద్దున్న ఏమవుతుందో అతని కళ్ళతో అతనే చూడాలని, పాత వెర్షన్లున్న రెండు ఫోన్లు అతని బల్ల మీదే పెట్టాం.

ఒక శనివారం అందరం కలిసి భువనగిరి దగ్గర ఒక కేంద్రానికి వెళ్ళాం. చీకట్లో బయలుదేరి ఐదున్నరకు చేరాం. పాల సంఘం అధికారుల కోసం ఐఫోన్ యాప్ రాసే కుర్రాడు కూడా వచ్చాడు, అక్కడ ఎవరి చేతిలోనూ ఐఫోన్ లేకపోయినా. కేంద్రం నడిపేది నడివయసు ఆమె. తడి చేతిని కొంగుకు తుడుచుకుని తెరమీద నొక్కుతోంది, తడి పూర్తిగా ఆరక నొక్కులు సరిగ్గా పడటం లేదు. మా డిజైనర్ చూస్తూ నిలబడిపోయాడు. ఎంతో ముచ్చటపడి చిన్నగా గీసిన బటన్లవి. "అప్‌డేట్ ఎందుకు చేయలేదమ్మా?" అని అడిగాను. "మా బాబు పండక్కి వచ్చినప్పుడు చేస్తాడమ్మా, నేను ముట్టుకుంటే ఉన్నది పోతుందేమోనని" అంది. ఆమె పక్కన గోడకు పాత పుస్తకం దారంతో కట్టి వేలాడుతోంది. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. సోమవారం డిజైనర్ బటన్లన్నీ పెద్దవి చేసి తెచ్చాడు, ఎవరూ అడగకుండానే.

తర్వాతి పెద్ద విడుదలకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి మీటింగులో చెయ్యెత్తింది. తాతయ్యలో నిన్న రాత్రి బిల్లు మొత్తం తప్పు చూపించిందేమోననీ, ఒక్కసారే చూశాననీ, ఫొటో తీసేలోపు మారిపోయిందనీ చెప్పింది. పది రోజుల బిల్లు. దాని మీదే వాళ్ళ దాణా బాకీ, పిల్లల ఫీజులు. విడుదల ఆపాను. పైవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళకు నచ్చలేదు. రెండు రోజులు ఐదుగురం వెతికాం. ఏమీ దొరకలేదు. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె చూసింది అంతకుముందు పది రోజుల బిల్లు, స్క్రీను మారేలోపు అది ఒక్క క్షణం అలాగే నిలిచింది, అంతే.

ఆ సాయంత్రం అందరూ ఉన్నప్పుడే ఆమె చీటీ తీసి, బోర్డు మీద "చూశాం, లేదు" అనే వరసలో నా చేత్తో అంటించాను. "మళ్ళీ ఇలాంటిది కనిపిస్తే ఇలాగే చెప్పు" అన్నాను. ఆమె తల ఊపింది. మొహంలో ఇంకా రంగు రాలేదు. నేను ఆ మాట అందరికీ వినబడేలా అన్నానో లేదో అని రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

పొద్దున్న వెళ్ళేసరికి బోర్డు మీద కొత్త చీటీ ఒకటి ఉంది. ఆమె రాత కాదు. ఏడాదిగా మీటింగులో "చూస్తున్నా" తప్ప ఏమీ అనని అబ్బాయి రాత. పెన్సిలుతో, చిన్న అక్షరాలతో రాశాడు: "పాల ఖాతా స్క్రీన్‌లో వెన్న శాతం దగ్గర వత్తు తెగుతోందేమో. నాకు ఖాయంగా తెలియదు."